సింపుల్ ప్రెజెంటా, ప్రెజెంట్ పర్ఫెక్టా? తెలుగు వాక్యంలోంచే తేల్చుకునే పద్ధతి

'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్.'

ఏడు మాటల ఈ వాక్యంలో రెండు తప్పులున్నాయి. రెండూ శ్రద్ధ లేక చేసినవి కావు. 'నేను ఐదేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను' అనే నిక్షేపంలాంటి తెలుగు వాక్యాన్ని మాటకు మాట దించితే వచ్చినవి. 'పనిచేస్తున్నాను' అంటే 'యామ్ వర్కింగ్' అనీ, 'నుంచి' అంటే 'సిన్స్' అనీ బళ్లో చెప్పిందే కదా అనొచ్చు. బళ్లో చెప్పింది సగమే. సరైన వాక్యం 'ఐ హ్యావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్'. 'హ్యావ్ బీన్ వర్కింగ్' అన్నా తప్పు లేదు.

చిక్కంతా తెలుగు క్రియలో ఉంది. 'తింటాను' అన్న ఒక్క రూపం రెండు పనులు చేస్తుంది: రోజూ తింటాను, రేపు తింటాను. ఇంగ్లీషులో మొదటిది 'ఈట్', రెండోది 'విల్ ఈట్'. 'తింటున్నాను' కూడా అంతే: ఇప్పుడు తింటున్నాను అంటే 'యామ్ ఈటింగ్', పొద్దున్నుంచి తింటూనే ఉన్నాను అంటే 'హ్యావ్ బీన్ ఈటింగ్'. 'తిన్నాను' మరీనూ: నిన్న తిన్నాను అంటే 'ఏట్', ఇప్పుడే తిన్నాను అంటే 'హ్యావ్ ఈటెన్'. అంటే తెలుగు క్రియ చివర చూసి ఇంగ్లీషు టెన్స్ ఎంచుకోవడం మొదలుపెడితే సగంసార్లు దెబ్బతింటాం. తేల్చేది క్రియ కాదు, దాని పక్కన కూర్చున్న చిన్నమాట: రోజూ, నిన్న, నుంచి, ఇంకా, ఇప్పటివరకు. ఈ మార్గదర్శి అంతా ఆ చిన్నమాటను పట్టుకునే పద్ధతే.

మొదటి మెట్టు: రూపాలు సరిచూసుకోండి

దీని మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. సింపుల్ ప్రెజెంట్‌లో వెర్బ్ మొదటి రూపం, అంటే వీ1. హీ, షీ, ఇట్ వస్తే చివర ఎస్ చేరుతుంది. ప్రశ్నలో, నెగెటివ్‌లో ఆ ఎస్‌ను 'డజ్' లాగేసుకుంటుంది కాబట్టి 'డజ్ హీ వర్క్స్' అనకూడదు, 'డజ్ హీ వర్క్' అనాలి. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో 'హ్యావ్' లేదా 'హ్యాజ్', దాని వెంట వెర్బ్ మూడో రూపం, అంటే వీ3.

తప్పు ఎక్కువగా వీ3 దగ్గరే జరుగుతుంది. 'హ్యాజ్ వెంట్', 'హ్యావ్ కేమ్', 'హ్యావ్ సా' లాంటివి చదువుకున్నవాళ్ల నోటా వినిపిస్తాయి. వెంట్, కేమ్, సా ఇవన్నీ వీ2లు. 'హ్యావ్' పక్కన వాటికి చోటు లేదు. ముందు ఈ పన్నెండు వీ3లు నోటికి పట్టిస్తే రోజువారీ మాటల్లో చాలావరకు గట్టెక్కుతారు: గాన్, కమ్, ఈటెన్, సీన్, టేకెన్, గివెన్, రిటెన్, స్పోకెన్, బిగన్, డ్రంక్, రన్, బికమ్.

వినేటప్పుడు ఇంకో ఇబ్బంది. 'ఐ హ్యావ్' మాటల్లో 'ఐవ్' అవుతుంది, ఆ చివరి వ శబ్దం గాలిలో కలిసిపోతుంది. అలాగే 'హీజ్' అంటే 'హీ ఈజ్' కావచ్చు, 'హీ హ్యాజ్' కావచ్చు. తర్వాతి మాట వింటే తెలుస్తుంది: 'హీజ్ బిజీ'లో ఈజ్, 'హీజ్ ఫినిష్డ్ ఇట్'లో హ్యాజ్.

రెండో మెట్టు: తెలుగు వాక్యంలో కాలం మాట కింద గీత గీయండి

నిజంగానే పెన్సిల్‌తో గీయండి. కొన్నాళ్లకు కళ్లే గీస్తాయి. ఇప్పుడు ఆ గీత కింద ఉన్నదాన్ని మూడు ప్రశ్నలు ఇదే వరసలో అడగండి. వరస ముఖ్యం.

ఒకటి: అది అయిపోయిన కాలమా? నిన్న, పోయినేడు, 2019లో, రెండు రోజుల క్రితం, చిన్నప్పుడు. అవునంటే సింపుల్ పాస్ట్. మన రెండింటిలో ఏదీ కాదు. ఆట అక్కడితో ముగిసింది.

రెండు: అది వెనక ఎక్కడో మొదలై ఇప్పటిదాకా వచ్చే కాలమా? ఐదేళ్ల నుంచి, పొద్దున్నుంచి, ఇప్పటివరకు, ఇంకా, ఎప్పుడైనా, ఎప్పుడూ చూడలేదు, ఇప్పటికి మూడుసార్లు. అవునంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్.

మూడు: అసలు కొలతే లేకుండా ఎప్పుడూ ఉండే సంగతా, అలవాటా, ఈ క్షణాన ఉన్న స్థితా? రోజూ, మామూలుగా, ఆదివారాలు. అయితే సింపుల్ ప్రెజెంట్.

బాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు గురించి మూడు వాక్యాలు చెప్పుకుంటే ఈ మూడు ప్రశ్నలూ ఒకేచోట కనిపిస్తాయి. 'సింధు ప్లేస్ బాడ్మింటన్': అది ఆమె వృత్తి, కొలత లేదు, సింపుల్ ప్రెజెంట్. 'సింధు హ్యాజ్ వన్ టూ ఒలింపిక్ మెడల్స్': ఇప్పటివరకు లెక్క చెబుతున్నాం, ఏ ఏడో చెప్పలేదు, ప్రెజెంట్ పర్ఫెక్ట్. 'షీ వన్ సిల్వర్ ఎట్ రియో ఇన్ 2016': ఏడాది వచ్చి కూర్చుంది, ఇక 'హ్యాజ్'కు చోటు లేదు. ఏడాది చెప్పి 'హ్యాజ్ వన్' అనడం మన రాతల్లో కనిపించే అతి మామూలు తప్పు. 'ఐ హ్యావ్ పాస్డ్ మై డిగ్రీ ఇన్ 2019' అని రెజ్యూమెల్లో రాసేదీ ఇదే. ఒకటో ప్రశ్న ముందు అడగమన్నది అందుకే.

బతికున్నవాళ్ల లెక్కకూ, పోయినవాళ్ల లెక్కకూ కూడా తేడా ఉంది. సింధు ఖాతా ఇంకా తెరిచే ఉంది కాబట్టి 'హ్యాజ్ వన్'. సి.వి. రామన్ విషయంలో 'హ్యాజ్ వన్ ద నోబెల్ ప్రైజ్' అంటే, 1930 అని చెప్పకపోయినా, వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆయన 1970లో పోయారు, ఖాతా మూసుకుంది. 'రామన్ వన్ ద నోబెల్ ప్రైజ్' అనాలి.

మూడో మెట్టు: 'నుంచి'ని విప్పి చూడండి

తెలుగులో ఒక్క 'నుంచి' ఉన్నచోట ఇంగ్లీషులో సిన్స్, ఫర్, ఫ్రమ్ అని మూడున్నాయి. క్యాలెండర్ మీదో గడియారం మీదో వేలు పెట్టి 'ఇదిగో ఇక్కడ' అని చూపించగలిగితే సిన్స్: 2019, సోమవారం, సంక్రాంతి, పెళ్లైన రోజు. లెక్కపెట్టే పొడవైతే ఫర్: ఐదేళ్లు, మూడు రోజులు, చాలాకాలం. ఒక్కోసారి తెలుగులో తేడా రెండక్షరాల్లోనే ఉంటుంది. 'గంట నుంచి కూర్చున్నాను' అంటే 'ఫర్ యాన్ అవర్'. 'ఒంటిగంట నుంచి కూర్చున్నాను' అంటే 'సిన్స్ వన్ ఓ క్లాక్'. మొదటిది పొడవు, రెండోది గడియారంలో ఒక చోటు.

ఫ్రమ్‌ను రెండు కొసలూ ఉన్నప్పుడు వాడండి: 'ఫ్రమ్ 2015 టు 2019'. 'ఫ్రమ్ లాస్ట్ టెన్ ఇయర్స్' అని మనం తరచూ అనేది 'ఫర్ ద లాస్ట్ టెన్ ఇయర్స్' అని మారాలి.

ఇక్కడో హెచ్చరిక. 'ఫర్ కనిపిస్తే పర్ఫెక్ట్' అని బట్టీ పట్టినవాళ్లు పోటీపరీక్షల్లో తప్పులు పట్టమనే ప్రశ్నల దగ్గర బోల్తా పడతారు. 'ఐ వాక్ ఫర్ యాన్ అవర్ ఎవ్రీ మార్నింగ్' అన్నది శుభ్రమైన వాక్యం. అందులో ఫర్ ఉంది, పర్ఫెక్ట్ లేదు. తెలుగు ఈ తేడాను మనకు ముందే విడదీసి పెట్టింది: 'గంటసేపు', 'గంట నుంచి'. రోజూ గంటసేపు నడుస్తాను అంటే అలవాటు, 'వాక్'. గంట నుంచి నడుస్తున్నాను అంటే గడియారం ఇంకా తిరుగుతోంది, 'హ్యావ్ బీన్ వాకింగ్'. 'సేపు'కూ 'నుంచి'కీ ఉన్న తేడా మీకు పుట్టుకతో తెలుసు. దాన్ని ఇంగ్లీషుకు అప్పివ్వండి చాలు.

'ఎంతకాలం' అని అడిగేటప్పుడు ఇదే తేడా గొడవ తెస్తుంది. ఊరొచ్చిన చుట్టాన్ని 'హౌ లాంగ్ ఆర్ యూ హియర్?' అంటే 'ఇక్కడ ఎన్నాళ్లుంటావు?' అని అడిగినట్టు. తిరుగు టికెట్ ఎప్పుడో చెబుతారు. 'వచ్చి ఎన్నాళ్లైంది?' అని అడగాలంటే 'హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ హియర్?' అనాలి. వ్యాకరణం తప్పు కాదు కాబట్టి మొదటిదాన్ని ఎవరూ దిద్దరు. జవాబు మాత్రం వేరేది వస్తుంది.

నాలుగో మెట్టు: ఉంది, తెలుసు, ఇష్టం, కావాలి

ఈ మాటల దగ్గర కొంచెం ఆగాలి. 'తెలుసు' అన్న మాటకు తెలుగులో కాలమే లేదు. నాకు ఆయన తెలుసు, నాకు ఆయన పదేళ్లుగా తెలుసు, క్రియ కదల్లేదు. ఇంగ్లీషులో మాత్రం కొలత రాగానే కదలాలి: 'ఐ నో హిమ్', 'ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్'. 'ఐ నో హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్' అన్నది తెలుగు ఉచ్చారణ లేని తెలుగు వాక్యం.

డాక్టర్ దగ్గర చెప్పే మాట చూడండి. 'మూడు రోజుల నుంచి జ్వరం ఉంది.' మనవాళ్ల ఇంగ్లీషు: 'ఐ హ్యావ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్.' సరైంది: 'ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్.' పక్కపక్కన 'హ్యావ్ హ్యాడ్' అనగానే చాలామందికి అచ్చుతప్పులా అనిపిస్తుంది. విడదీస్తే తేలికే. మొదటి 'హ్యావ్' సాయం చేసే వెర్బ్, దానికి సొంత అర్థం లేదు. 'ఉంది' అనే అర్థం రెండోదానిది. 'హ్యావ్'కు వీ3 'హ్యాడ్' కాబట్టి అది 'హ్యాడ్' అయింది. 'హ్యావ్ ఈటెన్'లో 'ఈటెన్' కూర్చున్న చోటే ఇక్కడ 'హ్యాడ్' కూర్చుంది. ఇదే లెక్కన 'యామ్, ఈజ్, ఆర్'లకు వీ3 'బీన్': తొమ్మిదింటి నుంచి ఇక్కడే ఉన్నాను, 'ఐ హ్యావ్ బీన్ హియర్ సిన్స్ నైన్'.

ఈ గుంపులోని నో, లైక్, వాంట్, ఓన్, బిలాంగ్ లాంటి వెర్బులకు మామూలుగా ఐఎన్‌జీ తగిలించకూడదు. 'ఐ హ్యావ్ బీన్ నోయింగ్' అనేది లేదు. 'హ్యావ్' మాత్రం అర్థాన్ని బట్టి మారుతుంది. 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' తప్పు, ఎందుకంటే అన్నదమ్ములు ఉండటం స్థితి. తలనొప్పి వస్తూ పోతూ ఉంటే 'ఐ హ్యావ్ బీన్ హ్యావింగ్ హెడేక్స్' అనడం సరైందే, అది మళ్లీ మళ్లీ జరిగే పని కాబట్టి. లివ్, వర్క్ లాంటివాటికి ఈ పట్టింపు లేదు. 'హ్యావ్ లివ్‌డ్', 'హ్యావ్ బీన్ లివింగ్' రెండూ నడుస్తాయి. లెక్క చెప్పేటప్పుడు మాత్రం ఐఎన్‌జీ వద్దు: 'ఐ హ్యావ్ రెడ్ ఫార్టీ పేజెస్'.

'అయింది'తో ముగిసే వాక్యాలు ఇంకో రకం పరీక్ష. 'మాకు పెళ్లై ఆరేళ్లైంది.' పెళ్లి అనే సంఘటన గురించైతే ఆరేళ్ల క్రితం అయిపోయింది: 'వీ గాట్ మ్యారీడ్ సిక్స్ ఇయర్స్ అగో'. దంపతులుగా ఉన్న స్థితి గురించైతే ఇంకా నడుస్తోంది: 'వీ హ్యావ్ బీన్ మ్యారీడ్ ఫర్ సిక్స్ ఇయర్స్'. ఈ రెండిట్నీ కలిపి 'వీ హ్యావ్ గాట్ మ్యారీడ్ సిక్స్ ఇయర్స్ అగో' అంటేనే చెడింది. 'అగో' ఉన్న వాక్యంలో 'హ్యావ్' పెట్టకండి. 'నాన్నగారు పోయి పదేళ్లైంది' కూడా ఇలాగే: 'మై ఫాదర్ డైడ్ టెన్ ఇయర్స్ అగో', లేదంటే 'ఇట్ హ్యాజ్ బీన్ టెన్ ఇయర్స్ సిన్స్ మై ఫాదర్ డైడ్'. రెండోదానిలో సిన్స్ తర్వాత వచ్చింది సింపుల్ పాస్ట్ అని గమనించండి; అది మొదలైన చోటును చూపిస్తోంది.

ఐదో మెట్టు: తెలుగులో గతం, ఇంగ్లీషులో వర్తమానం

పుస్తకాల్లో పెద్దగా చెప్పని సంగతి ఇది. తెలుగులో భూతకాల రూపం కనబడగానే సింపుల్ పాస్టో, ప్రెజెంట్ పర్ఫెక్టో అనుకుంటాం. చాలాచోట్ల ఇంగ్లీషు అడిగేది ఉత్త సింపుల్ ప్రెజెంట్.

'అర్థమైంది' అన్నదానికి 'ఐ అండర్‌స్టుడ్' అంటాం. ఎదురుగా ఉన్న మనిషి చెప్పింది ఇప్పుడు బుర్రలో ఉందని చెప్పాలంటే 'ఐ అండర్‌స్టాండ్' చాలు. జలుబు చేసింది, 'ఐ హ్యావ్ ఎ కోల్డ్'. అలసిపోయాను, 'ఐ యామ్ టైర్డ్'. ఆలస్యమైంది, 'ఐ యామ్ లేట్'. చీర నచ్చింది, 'ఐ లైక్ ద శారీ'. చీర ఇంకా చేతిలో ఉండగానే 'ఐ లైక్డ్ ఇట్' అంటే ఇప్పుడు నచ్చట్లేదేమో అన్న అనుమానం వస్తుంది. 'ఆయన లోపల కూర్చున్నాడు' అంటే 'హీ ఈజ్ సిటింగ్ ఇన్‌సైడ్'; ఇది సింపుల్ కాకపోయినా వర్తమానమే. 'హీ సాట్' అంటే నుంచున్నవాడు కూలబడ్డాడని.

కారణం ఇది. తెలుగు మార్పును చెబుతుంది: అలసట వచ్చింది, జలుబు చేసింది, నచ్చడం జరిగింది. ఇంగ్లీషు ఆ మార్పు తర్వాత మిగిలిన స్థితిని చెబుతుంది. కాబట్టి ఇలాంటి వాక్యం తగిలినప్పుడు, ఆ స్థితికి ఇంగ్లీషులో టైర్డ్, లేట్, డ్రై, రెడీ లాంటి మాట ఉందా అని చూడండి. ఉంటే 'ఈజ్' పెట్టి వదిలేయండి. బట్టలు ఆరాయి, 'ద క్లోత్స్ ఆర్ డ్రై'. అలాంటి మాట లేకపోతే, లేదా పని జరిగిందన్నదే ముఖ్యమైతే, ప్రెజెంట్ పర్ఫెక్ట్: హోంవర్క్ చేసేశాను, 'ఐ హ్యావ్ డన్ మై హోంవర్క్'. కొన్నిచోట్ల రెండు దారులూ ఉంటాయి. తాళంచెవి పోయింది అంటే 'ద కీ ఈజ్ మిస్సింగ్' అన్నా సరే, 'ఐ హ్యావ్ లాస్ట్ ద కీ' అన్నా సరే. రెండోదానిలో తప్పు మనదేనని ఒప్పుకుంటున్నాం, అంతే తేడా.

'ఏశాను, ఏశాడు' అనే చివర్లు కూడా మంచి గుర్తు. తినేశాను, పంపేశాను, చదివేశాడు. పక్కన అయిపోయిన కాలం మాట లేకపోతే ఇవి సాధారణంగా ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లోకే దిగుతాయి. 'నిన్నే పంపేశాను' అన్నారో, మొదటి ప్రశ్న అడ్డొస్తుంది: 'ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే'.

'వెళ్లాడు', 'వెళ్లొచ్చాడు' జంటకు ఇంగ్లీషులో అచ్చంగా సరిపోయే జంట ఉంది. 'హీ హ్యాజ్ గాన్ టు వైజాగ్' అంటే వెళ్లాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. 'హీ హ్యాజ్ బీన్ టు వైజాగ్' అంటే వెళ్లొచ్చాడు. 'ఐ హ్యావ్ గాన్ టు తిరుపతి త్రీ టైమ్స్' అనే బదులు 'ఐ హ్యావ్ బీన్' అనడం మంచిది, మీరు ఇక్కడే నిలబడి మాట్లాడుతున్నారు కదా.

ఆరో మెట్టు: 'లేదు', 'ను'

కాదు, లేదు అనే వాక్యాలకు వేరే తూనిక కావాలి. 'తినను' అంటే అలవాటు: 'ఐ డోంట్ ఈట్ మీట్'. ఇక్కడ 'వోంట్' పెడితే మొండికేసినట్టు ఉంటుంది. 'తినలేదు' అంటే రెండు: నిన్న రాత్రి తినలేదు, 'డిడ్ నాట్ ఈట్', ఇంకా తినలేదు, 'హ్యావ్ నాట్ ఈటెన్ యెట్'. 'ఎప్పుడూ తినలేదు' అంటే 'హ్యావ్ నెవర్ ఈటెన్'. 'ఎప్పుడూ తినను' అంటే 'నెవర్ ఈట్'. చూశారా, 'నెవర్' రెండు టెన్స్‌లలోనూ ఒదిగింది. 'ఆల్వేస్' కూడా అంతే: నేనెప్పుడూ టీయే తాగుతాను, 'ఐ ఆల్వేస్ డ్రింక్ టీ', నాకు మొదట్నుంచీ టీయే ఇష్టం, 'ఐ హ్యావ్ ఆల్వేస్ లైక్డ్ టీ'. ఫలానా మాటకు ఫలానా టెన్స్ అని అచ్చేసిన పట్టికలు ఇక్కడే చేతులెత్తేస్తాయి.

ఆఫీసు మెయిళ్లలో 'టిల్ నౌ ఐ డిడ్ నాట్ రిసీవ్ ద ఫైల్' అని రాస్తుంటారు. 'టిల్ నౌ' అంటే ఇప్పటిదాకా వచ్చిన కాలం, 'డిడ్ నాట్' అంటే అయిపోయిన కాలం. రెండూ ఒకే ఒరలో ఇమడవు. 'ఐ హ్యావ్ నాట్ రిసీవ్‌డ్ ద ఫైల్ యెట్' అని రాయండి.

సింపుల్ ప్రెజెంట్ సొంత పొలం

అలవాట్లు, ప్రకృతి నియమాలు, రైళ్ల వేళలు దీనివే. 'వాటర్ బాయిల్స్ ఎట్ 100 డిగ్రీస్ సెల్సియస్' అన్నప్పుడు సముద్రమట్టం దగ్గర ఎప్పుడు కాచినా అంతే. ఇక్కడ మనవాళ్లు చేసే తప్పు పర్ఫెక్ట్‌తో కాదు, 'విల్'తో: 'డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్'. లేస్తాను అన్న మాట భవిష్యత్తులా కనిపించి మోసం చేసింది. 'ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్' చాలు.

పత్రికా శీర్షికల్లో జరిగిపోయిన సంగతికీ సింపుల్ ప్రెజెంటే వాడతారు. చంద్రయాన్-3 దిగిన సంగతిని శీర్షికగా రాస్తే 'చంద్రయాన్-3 ల్యాండ్స్ ఆన్ ద మూన్'. ఆ సాయంత్రం తాజా కబురుగా ఒకరికొకరు చెప్పుకుంటే 'చంద్రయాన్-3 హ్యాజ్ ల్యాండెడ్!' ఇవాళ పరీక్షలో రాస్తే 'ఇట్ ల్యాండెడ్ ఆన్ 23 ఆగస్ట్ 2023'. సంఘటన ఒక్కటే, చెప్పే చోటు మారింది. శీర్షిక పద్ధతిని మామూలు రాతలోకి తెచ్చుకుని 'యెస్టర్‌డే ద గవర్నమెంట్ అనౌన్సెస్' అని రాయకండి.

'వచ్చాక', 'అయ్యాక' అనే మాటలున్న వాక్యాల్లో రెండు టెన్స్‌లూ పక్కపక్కనే తిరుగుతాయి. 'నువ్వు రాగానే చెప్తాను' అంటే 'ఐ విల్ టెల్ యూ వెన్ యూ కమ్'. 'తిన్నాక ఫోన్ చేస్తాను' అంటే 'ఐ విల్ కాల్ యూ వెన్ ఐ హ్యావ్ ఈటెన్'. ఇక్కడ 'వెన్ ఐ ఈట్' అంటే నోట్లో ముద్ద ఉండగా ఫోన్ చేస్తారనుకుంటారు. పని పూర్తి కావడం ముఖ్యమైతే పర్ఫెక్ట్, క్షణంలో అయ్యే పనైతే సింపుల్. ఇలాంటి వాక్యాల్లో 'వెన్' పక్కన 'విల్' మాత్రం పెట్టకూడదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడ 'డిడ్ యూ ఈట్ యెట్?', 'ఐ ఆల్‌రెడీ ఏట్' అని వినిపిస్తే కంగారు పడొద్దు. జస్ట్, ఆల్‌రెడీ, యెట్‌ల పక్కన అమెరికన్లు మాటల్లో సింపుల్ పాస్ట్ వాడతారు, అక్కడది తప్పు కాదు. బ్రిటిష్ వాడుకలో 'హ్యావ్ యూ ఈటెన్ యెట్?' అంటారు. ఇక్కడి పోటీపరీక్షల్లో ఆశించేది కూడా అదే. కానీ 'ఐ నో హిమ్ సిన్స్ 2015' అన్నది అట్లాంటిక్‌కు ఇటూ చెల్లదు, అటూ చెల్లదు.

ఒక స్వపరిచయాన్ని దిద్ది చూద్దాం

ఇంటర్వ్యూలో వినిపించే మామూలు పరిచయం ఇలా ఉంటుందనుకోండి (ఇందులో సెలీనియం అంటే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఒక పనిముట్టు):

'ఐ యామ్ ఫ్రమ్ ఖమ్మం. ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2020. ఐ యామ్ వర్కింగ్ యాజ్ ఎ టెస్టర్ సిన్స్ ఫోర్ ఇయర్స్. ఐ విల్ రైట్ టెస్ట్ కేసెస్ డైలీ. టిల్ నౌ ఐ వర్క్‌డ్ ఆన్ త్రీ ప్రాజెక్ట్స్. ఐ యామ్ హ్యావింగ్ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ సెలీనియం. దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ యామ్ కమింగ్ టు బెంగళూరు.'

మొదటి వాక్యం జోలికి పోనక్కర్లేదు, సొంతూరు మారదు, సింపుల్ ప్రెజెంట్. రెండోదానిలో 2020 ఉంది, ఒకటో ప్రశ్నకే తేలింది: 'ఐ కంప్లీటెడ్'. ఏడాది చెప్పడం ఇష్టం లేకపోతే 'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్' అని ఆపేయొచ్చు, అదీ సరైందే. మూడోది మనం మొదట్లో చూసిందే: 'ఐ హ్యావ్ వర్క్‌డ్ యాజ్ ఎ టెస్టర్ ఫర్ ఫోర్ ఇయర్స్'. నాలుగోది అలవాటు, 'విల్' తీసేసి 'ఐ రైట్ టెస్ట్ కేసెస్ ఎవ్రీ డే'. ఐదోది ఇప్పటివరకు లెక్క: 'సో ఫార్ ఐ హ్యావ్ వర్క్‌డ్ ఆన్ త్రీ ప్రాజెక్ట్స్'. ఆ ఉద్యోగం మానేసి వచ్చుంటే మూడోదీ ఐదోదీ రెండూ 'ఐ వర్క్‌డ్' అవుతాయి, 'సో ఫార్' ఎగిరిపోతుంది. ఇంటర్వ్యూ చేసేవారు టెన్స్‌ను బట్టే మీరింకా అక్కడ ఉన్నారా లేదా అని లెక్కేసుకుంటారు. ఆరోది స్థితి: 'ఐ హ్యావ్ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ సెలీనియం', ఇక్కడి 'హ్యావ్' సాయం చేసేది కాదు, 'ఉంది' అనే అసలు వెర్బ్.

ఏడోదాని దగ్గర మూడు ప్రశ్నలూ కాస్త తడబడతాయి. 'బెంగళూరు రావడం ఇదే మొదటిసారి' అన్నప్పుడు తెలుగులో కాలమే కనిపించదు. మొదటిసారి, రెండోసారి అనేది ఇప్పటివరకు ఎన్నిసార్లు అన్న లెక్కే కాబట్టి ఇంగ్లీషు దాన్ని రెండో ప్రశ్న కిందికి తోస్తుంది: 'దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ హ్యావ్ కమ్ టు బెంగళూరు'. ముందు 'ఈజ్', వెనక 'హ్యావ్ కమ్'. రెండు టెన్స్‌లూ ఒకే వాక్యంలో పనిచేస్తాయి. నెలలో రెండోసారి వచ్చినప్పుడు 'ఫస్ట్' బదులు 'సెకండ్' పెడితే చాలు, మిగతాదేమీ మారదు.